మిస్ ఓలర్టన్ సాక్ష్యం

మూడు గంటలకు నీళ్ల వంతు. ఇప్పుడు రెండూ పది. కోర్టు నడవాలో గోడ గడియారం ప్రభుత్వానిది కనుక దాన్ని నమ్మేందుకు లేదుగాని, కిటికీలోంచి వచ్చి బల్ల మీద కూర్చున్న ఎండ కూడా ఇంచుమించు ఆ మాటే చెబుతోంది. ఇప్పుడు, ఈ నిమిషంలో, ఆ మూసిన తలుపు తెరిచి, అడగదలచుకున్నదేదో అడిగేసి, ఇక వెళ్లమ్మా అంటే, బండి కట్టించి తొమ్మిది మైళ్లూ గుర్రాన్ని పరిగెత్తించి, గౌను ఎగదోపి, పార భుజాన వేసుకుని కాలవ గట్టుకు చేరితే... అందదు. ఎలా చూసినా అందదు. ఆ సంగతి థర్జాకు పొద్దున్న బండెక్కినప్పుడే తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా, ఇప్పటికి ఏడోసారి గుర్రాన్ని కడుతోంది, ఏడోసారి తూము పలక ఎత్తుతోంది. ఎనిమిది రోజులకోసారి, ఒక్క గంట. ఆ గంటలో కొండమీది మంచు కరిగిన నీళ్లు ఆమె క్యాబేజీ మళ్లలోకి రావాలి, బంగాళాదుంప చాళ్లలోకి రావాలి, ఈ ఏడాదే మొదటిసారి కాసిన పీచ్ చెట్టు మొదట్లోకి రావాలి. గంట కాగానే పలక దించెయ్యాలి, ఎందుకంటే ఆ తర్వాతి గంట కింది పొలం డేన్ ముసలాయనది, ఆయన ప్రార్థనకైనా ఆలస్యంగా వస్తాడుగాని నీళ్లకు రాడు. ఈ లోయలో వంతు తప్పిపోయినవాళ్లకు మళ్లీ వంతు వచ్చేదాకా దేవుడు కూడా చుక్క నీళ్లివ్వడు. సెప్టెంబరు ఎండ ఇంకా మండుతూనే ఉంది. క్యాబేజీ ఆకులు ఈపాటికి ముసలమ్మల చెవుల్లా వేలాడుతుంటాయి. ఇక్కడేమో ఒక మూసిన తలుపు, తలుపు వెనక జ్యూరీగా కూర్చున్న పదిహేను మంది మగవాళ్లు, వాళ్లకు తెలియాల్సిన విషయం ఒక్కటే: థర్జా ఒళ్లో నిద్రపోతున్న ఈ ఏడు నెలల పిల్లకు తండ్రెవరు?

బల్ల నాలుగు కాళ్లూ సమంగా లేవు. ఈ చివర థర్జా కదిలితే ఆ చివర హెప్సీ లేస్తుంది, హెప్సీ కదిలితే థర్జా లేస్తుంది. ఎవరో మహానుభావుడు ఇద్దరు పెళ్లాలవాళ్ల కోసమే చేయించినట్టుంది. హెప్సీ మాత్రం కదలడం లేదు. నిబ్బరంగా మేజోడు అల్లుకుంటోంది, మడమ దగ్గరికి వచ్చింది. నిబ్బరం ఎందుకుండదు? ఆవిణ్ని ఎవరూ ఏమీ అడగలేరు. జేరెడ్ విట్‌లాక్‌ని ఇరవై ఆరేళ్ల కిందట చేసుకున్న మొదటి భార్య, చట్టం ఒప్పుకున్న ఒకే ఒక్క భార్య. మొగుడికి వ్యతిరేకంగా పెళ్లాం చేత సాక్ష్యం చెప్పించకూడదని ఆ చట్టమే చెబుతోంది. అందుకని ఆవిడ తోడు మాత్రమే వచ్చింది, సంచీలో రొట్టె, జున్ను, రెండు ఉల్లిపాయలు పెట్టుకుని, చుట్టాలింట్లో పెళ్లికొచ్చినట్టు. థర్జా పెళ్లాం కాదు. చట్టం లెక్కలో ఆమె ఒక మనిషి, ఒక ఆడమనిషి, నోరున్న ఆడమనిషి. కోర్టు పోలీసు డిప్యూటీ తెచ్చిచ్చిన పిలుపు కాగితం మీద 'మిస్ థర్జా ఓలర్టన్' అని రాసి ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ ఇంటిపేరుతో ఆమెను ఎవరూ పిలవలేదు. కాగితం చూసి మొదట ఎవరో అనుకుంది, తర్వాత సముద్రం అవతల ఇంగ్లండులో, మిల్లు గేటు దగ్గర, చెవుల నిండా దూది పీచుతో నిలబడ్డ పదిహేనేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లకు ఈ గొడవతో ఏం సంబంధం? ఆ పిల్లకు మొగుడు లేడు, పిల్లల్లేరు, నీళ్ల వంతు లేదు. ఉన్నదల్లా దగ్గు.

నవ్వు రావాల్సిన విషయం ఇంకోటి ఉంది, కానీ అది తలుచుకున్నప్పుడల్లా నవ్వుకు బదులు దవడ బిగుసుకుంటుంది. నాలుగేళ్ల కిందటి దాకా థర్జాకు ఓటు ఉండేది. ఈ భూభాగంలో ఆడవాళ్లందరికీ ఉండేది, మిగతా దేశం నోరెళ్లబెట్టి చూసేది. తర్వాత వాషింగ్టన్‌లో ఇద్దరు పెళ్లాలున్న ఇళ్ల మీద కొత్త చట్టం చేశారు, ఓటర్ల పుస్తకం పట్టుకుని ఒక పెద్దమనిషి ఇంటికొచ్చాడు. "అమ్మా, మీరు ఇద్దరు పెళ్లాలున్నాయన ఇంటి ఆడవారు కదా?" అన్నాడు మర్యాదగా. ఔనంది. ఔననగానే పేరు కొట్టేశాడు. ఓటు తీసేసేటప్పుడు ఆమె జేరెడ్ మనిషే, అందులో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు, సాక్షులూ అక్కర్లేకపోయారు. ఇవాళ మాత్రం, నేను ఆయన భార్యను, నన్ను అడగకండి అంటే, అబ్బే మీరు భార్య ఎలా అవుతారు, మిస్ కదా అంటారు. ఒకే ప్రభుత్వం, ఒకే సిరా. పోనీ, ఒకే రకం అబద్ధమైనా ఆడొచ్చుగా!

పెళ్లినాడు జేరెడ్ చట్టం గురించి చాలా మాట్లాడాడు. పెళ్లికూతురికి చెప్పాల్సిన మాటలు వేరే ఉంటాయని ఆయనకు తోచలేదు. పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిది, నవంబరు, సాల్ట్ లేక్ వెళ్లే బండిలో దుప్పటి కింద మోకాళ్లు ముడుచుకుని ఆమె, పక్కన హెప్సీ, ముందు జేరెడ్, వెనక్కి తిరిగి తిరిగి చెబుతున్నాడు: "ఒక్క పెళ్లామే ఉండాలన్న ఆ పాత చట్టం నిలవదు. చట్టం చేసి పదహారేళ్లయింది, ఒక్కణ్నయినా ఏం చేయగలిగారు? రాజ్యాంగం ఏమంటోంది, మతం జోలికి పోవద్దంటోంది. పెద్ద కోర్టులో ఉంది, చూస్తుండు, కొట్టేస్తారు." రెండు నెలలు కూడా కాకుండానే పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. ఏమైనా నమ్ముకోవచ్చునట, చెయ్యకూడదట. రొట్టెంటే ఆకలి తీరుతుందని నమ్ముకో తల్లీ, నోట్లో మాత్రం పెట్టుకోకు. అప్పటికి థర్జాకు నెల తప్పింది. కడుపులో ఉన్నది నమ్మకమా, చెయ్యడమా అని ఎవరినడగాలి? ఆ పిల్ల నిలవలేదు, అది వేరే కథ, దాన్ని ఇప్పుడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఈ బల్ల మీద ఏడుపొస్తుంది, ఏడిస్తే లోపలివాళ్లు భయపడిందనుకుంటారు.

పెళ్లి మాత్రం బాగా గుర్తు. గుర్తున్నది జేరెడ్ కాదు, హెప్సీ చెయ్యి. మొదటి భార్యే రెండో ఆమె కుడిచెయ్యి తీసుకుని మొగుడి కుడిచేతిలో పెట్టాలి, పెట్టకపోతే పెళ్లి లేదు. నీకిది ఇష్టమేనా అని అడుగుతారు, ఇష్టమేనని చెప్పాలి, చెప్పి తన చేత్తో ఇవ్వాలి. హెప్సీ చెయ్యి చల్లగా ఉంది, బొటనవేలి గోరులో పిండి ఎండిపోయి ఉంది, పొద్దున్న వాళ్లందరికీ రొట్టె చేసి వచ్చింది మరి. ఇచ్చింది. ఇచ్చాక తన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒక్క క్షణం గాల్లోనే ఉంచింది. దేవదూతలు చూస్తున్నారన్నారు, చూసే ఉంటారు, థర్జా మాత్రం ఆ చేతినే చూసింది. అంతమంది పవిత్రుల మధ్య, పరలోకం దాకా చెల్లే పెళ్లి. చెల్లనిది ఇక్కడ మాత్రమే.

"ఏమే, పిల్ల తడిపిందేమో చూడు," అంది హెప్సీ, అల్లికలోంచి తలెత్తకుండా.

"లేదక్కా."

"ఆ సంచీ ఎందుకంత బరువుగా ఉంది? పిల్లకు రెండు గుడ్డలు చాలవూ? వలసపోయే బండి సర్దినట్టు సర్దావ్."

థర్జా సంచీని కాళ్ల దగ్గరికి లాక్కుంది. సంచీలో పన్నెండు గుడ్డలున్నాయి, రెండు మార్చుకునే చొక్కాలు, ఎండు పీచ్ ముక్కలు, పాత శాలువా, సబ్బు. సర్దుతున్నప్పుడు తనకు తాను చెప్పుకుంది, దారిలో చలేస్తుందేమో, పిల్లకు కడుపు బాగాలేదేమో. సబ్బెందుకని తనను తాను అడగలేదు. అడక్కుండా సర్దుకుపోవడం ఈ ఇంట్లో బాగా అలవాటైన పని.

ఆ మాటకొస్తే మొగుడు కూడా వంతే. వారం అక్కడ, వారం ఇక్కడ. ఇంటికీ ఇంటికీ మధ్య చిన్న మైదానం, ఒక కంచె, కంచెలో ఒక చిన్న గేటు. ఆదివారం సాయంత్రం గేటు కిర్రుమంటే థర్జా దీపం ఒత్తి పెద్దది చేసేది, అవతల హెప్సీ చిన్నది చేసేది. మొదట్లో వంతు కచ్చితంగానే నడిచింది, జేరెడ్ న్యాయమైన మనిషి, ఒకరికి గజం గుడ్డ కొంటే ఇంకొకరికి కొలిచి గజమే కొనేవాడు, ఎవరికి ఏ రంగు నచ్చుతుందన్నది అడిగేవాడు కాదు, న్యాయానికి రంగుతో పనిలేదు. ఆ తర్వాత డిప్యూటీలు తిరగడం మొదలయ్యాక వంతు చెదిరింది. ముందు రెండు వారాలకోసారి వచ్చాడు, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత కోతల కాలానికోసారి. ఇప్పుడు కొండల్లో ఎవరి గొర్రెల పాకలోనో, ఎవరి పేరుతోనో ఉంటున్నాడు. నీళ్ల వంతైనా ఎనిమిది రోజులకోసారి తప్పకుండా వస్తుంది. ఇవాళ అదీ పోతోంది. రెండూ ఇరవై అయిదు. ఆ తలుపు వెనక వాళ్లేం చేస్తున్నారు, భోజనమా? తిని కునుకు తీస్తున్నారా? తమకు మళ్లు లేవా?

రెండో కూతురు వీనీ కిటికీ దగ్గర నిలబడి అద్దం మీద ఊపిరి వదిలి వేలితో గీతలు గీస్తోంది. మూడేళ్ల ఎనిమిది నెలలు. పుట్టింది ఎనభై మూడు, జనవరి మూడు. ఆ మూడు రోజుల మీద థర్జాకున్న కోపం ఇంకా చల్లారలేదు. ఎందుకంటే ఆ కొత్త చట్టం చేసిన పెద్దలకు ఒకచోట మనసు కరిగిందట, పిల్లలేం పాపం చేశారనుకున్నారట, ఈ పెళ్లిళ్లలో పుట్టిన పిల్లలు ఎనభై మూడు జనవరి ఒకటి లోపల పుట్టినవాళ్లయితే సక్రమ సంతానమే అని రాశారు. ఒకటో తారీకు నుంచి కారు. పెద్దది టామర్, ఎనభైలో పుట్టింది, నిక్షేపంలాంటి పిల్ల, కాంగ్రెసు వాళ్లు స్వయంగా కూర్చుని సక్రమం చేసిన పిల్ల. వీనీ అదే మంచం మీద, అదే మంత్రసాని చేతుల్లో, అదే తండ్రికి, మూడు రోజులు ఆలస్యంగా పుట్టింది. క్రిస్మస్‌కే నొప్పులొచ్చాయి, వచ్చినట్టే వచ్చి ఆగిపోయాయి. మంత్రసాని మెట్లెక్కి దిగమంది, బట్టలు ఉతకమంది, ఆముదం తాగమంది. ముప్పై ఒకటో తారీకు మధ్యాహ్నం హెప్సీ పరుగున వచ్చి, "ఇవాళే కనెయ్యవే తల్లీ, పుణ్యముంటుంది, మెట్లు మళ్లీ ఎక్కు," అని తను కూడా పక్కన ఎక్కింది, తను ఎక్కితే ఏమైనా ఉపయోగం ఉంటుందన్నట్టు. ఇద్దరు సవతులూ చేతులు పట్టుకుని అటక మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగారు. వీనీకి తొందర లేదు. ఇప్పటికీ లేదు, కిటికీ అద్దం మీద నింపాదిగా ఏదో గీస్తోంది, అది ఇల్లో, గొర్రో. ఇక ఒళ్లోని పిల్ల సంగతి చెప్పేదేముంది, దానికి పేరే లేదు. పేరు పెట్టాల్సింది తండ్రి. నెల మొదటి గురువారం, అందరూ ఉపవాసముండి ప్రార్థనకు కూడిన చోట, పిల్లను చేతుల్లోకి తీసుకుని తండ్రి అందరూ వినేలా పేరు చెప్పి ఆశీర్వదిస్తాడు. అందరూ వినేలా చెబితే డిప్యూటీ కూడా వింటాడు. అందుకని ఏడు నెలలుగా పిల్ల పాపాయి. పోయిన నెల ఎవరి చేతో చీటీ పంపాడు జేరెడ్, పేషెన్స్ అని పెడదామని, అంటే ఓర్పు. థర్జా ఆ చీటీ పొయ్యిలో పెట్టింది. ఇంట్లో ఓర్పు అనేది ఒక్కరు చాలు.

పొయ్యిలో పెట్టడం మంచిదే అయింది, ఆ మర్నాడే డిప్యూటీ వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, టోపీ తీసి వచ్చాడు, బూట్లు దులుపుకున్నాడు, పక్కల మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉన్నాయేమో చూశాడు, తలదిళ్లు లెక్కపెట్టాడు. మగవాడి టోపీ కొయ్యకు వేలాడినా, కట్టెలు చక్కగా పేర్చి ఉన్నా కోర్టులో కాపురం కిందికే వస్తుందట. గదిలో అటు ఇటు చూసి గూట్లో గడ్డం గీసుకునే గిన్నె పట్టుకున్నాడు.

"ఇదెవరిదమ్మా?"

"నాదే."

"మీరు గడ్డం గీసుకుంటారా?"

"మీకు కనిపిస్తోందా మరి? రోజూ గీసుకుంటాను కాబట్టే కనిపించదు."

డిప్యూటీ నవ్వాడు. నవ్వి, జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఈ దేశంలో జోకుకు కూడా సమన్లే బహుమానం.

అదంతా సరే, థర్జాను లోపల నుంచి తొలుస్తున్నది డిప్యూటీ కాదు. జూన్‌లో, పట్టపగలు, తలుపు తట్టిన మనిషి. గడ్డం నున్నగా గీసి ఉంది, వీపున సూదులూ దారాలూ అమ్ముకునే మూట. తలుపు తీసింది వీనీ. ఊళ్లో పిల్లలందరికీ నేర్పినట్టే వీనీకీ నేర్పింది థర్జా, వంట చేస్తూ, పాలు తోడుతూ, పాటలాగా నేర్పింది. నీ పేరేంటి? తెలీదు. మీ ఇల్లెక్కడ? తెలీదు. మీ నాన్న పేరేంటి? తెలీదు. ఈ లోయలో పిల్లల్ని చూస్తే కొత్తవాళ్లు అనుకుంటారు, పాపం ఊరంతా మందబుద్ధులే అని. ఆ మూటవాడు మోకాళ్ల మీద కూర్చుని, "మీ నాన్న ఎవరమ్మా?" అన్నాడు. "తెలీదు," అంది వీనీ. "మీకు నాన్న ఉన్నాడా?" "లేడు." మూటవాడు తలెత్తి థర్జాను చూసి, కళ్లు మెరుస్తుండగా, "శెభాష్, ఎంత బాగా నేర్పావే!" అన్నాడు. ఆ గొంతు విన్నాకగాని థర్జాకు కూడా తెలియలేదు అది జేరెడని. ఆయన సంతోషంగా లోపలికొచ్చి రొట్టె తిని, సాయంత్రం కాకముందే వెళ్లిపోయాడు. టామర్ అయితే నేర్పిన మాట చెప్పేటప్పుడు పెదవి కొరుక్కుంటుంది, తెలిసి తెలీదంటుంది. వీనీ పెదవి కొరుక్కోలేదు. వీనీకి నిజంగానే తెలీదు. పాఠం చెప్పింది అనుకున్నాడాయన, పిల్ల ఉన్నమాట చెప్పింది. ఆ తేడా ఆయనకు చెప్పాలని థర్జా నోరు తెరిచింది, అప్పటికి రొట్టె నోట్లో పెట్టుకుని ఆయన హెప్సీ ఇంటి మేకకు ఏం రోగమని అడుగుతున్నాడు.

"థర్జా." హెప్సీ సూదులు ఆగాయి. "రెండు రోజుల నుంచి కడుపులో పెట్టుకున్నాను. ఆయన కబురు పంపాడు."

"ఎప్పుడు?"

"శనివారం. నీకు చెప్పమన్నాడు. చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే ఆ తలుపు తీస్తారు."

"ఏమన్నాడు?"

హెప్సీ అల్లిక ఒళ్లో పెట్టుకుని, దారాన్ని వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. "తండ్రెవరని అడిగితే తెలీదని చెప్పెయ్యమన్నాడు. ఎవరో తెలీదంటే ఇక వాళ్లు చేసేదేం లేదు, నిన్నూ వదిలేస్తారు, తననూ పట్టుకోలేరు. చాలా ఊళ్లలో ఆడవాళ్లు అలాగే చెబుతున్నారట. దేవుడికి నిజం తెలుసు కదా అన్నాడు."

"తెలీదనా?"

"ఊఁ."

"నా పిల్లలకు తండ్రెవరో నాకు తెలీదనా?"

"నామీద అరుస్తావేం? కబురే నాది, మాట నాది కాదు."

"నువ్వేమంటావక్కా?"

"నన్నడక్కు," అంది హెప్సీ, మళ్లీ సూదులు తీసుకుంటూ. "నేను చట్టబద్ధమైనదాన్ని. నాకు నోరు లేదు."

దేవుడికి తెలుసు కదా. దేవుడికి తెలిసినవి చాలానే ఉన్నాయి, ఆయనకు ఎవరూ సమన్లు పంపడం లేదు. చెబితే జేరెడ్‌కు ఆరు నెలల జైలు, ఈమధ్య కొత్త లెక్క కూడా పెట్టారు, ఒక్కో ఏడాది కాపురం ఒక్కో నేరమట, అలా ముక్కలు కోసుకుంటూ పోతే ఏడాదిన్నర. ఆయన తిరిగొచ్చేదాకా రెండిళ్లు, ఎనిమిది మంది పిల్లలు, రెండు పొలాలు. పైగా మొగుణ్ని పట్టిచ్చిన ఆడదని సంఘంలో పేరు. చెప్పకపోతే కోర్టు ధిక్కారం, నోరు విప్పేదాకా తనకే జైలు, చంటిపిల్లతో సహా, అలా వెళ్లినవాళ్లు ఉన్నారు. తెలీదంటే ఇల్లు. తెలీదంటే ఈ సాయంత్రమే ఇల్లు, టామర్ని పొరుగింటి నుంచి తెచ్చుకోవచ్చు, పాలు పితకొచ్చు, వచ్చే వంతుకు పార పట్టుకుని గట్టు మీద ఉండొచ్చు. మూడక్షరాల మాట. తను స్వయంగా నేర్పిన పాఠం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడేమో కప్పా పామూ ఇద్దరూ మగవాళ్లే, ఇద్దరికీ పుస్తకాలున్నాయి, ఇద్దరూ తన నోటి కోసమే కాచుక్కూర్చున్నారు. గ్రంథంలో అబ్రాహాముకు ఇద్దరు పెళ్లాలున్నా, రెండో ఆమె హాగరును ఎవరూ జ్యూరీ ముందు నిలబెట్టలేదని జేరెడ్ అంటుండేవాడు. నిజమే, నిలబెట్టలేదు. రొట్టె, తిత్తెడు నీళ్లు ఇచ్చి, పిల్లాడితో సహా ఎడారిలోకి పంపారు. ఆ భాగం చదివేటప్పుడు జేరెడ్ గొంతు కొంచెం తగ్గేది.

ఒక ఆడది, తన పిల్లలకు తండ్రెవరో తెలీదని చెప్పాలంటే ఏమై ఉండాలి? అలాంటిదాన్ని లాంకషైర్ మిల్లు గేటు దగ్గర ఏమనేవారో థర్జాకు గుర్తుంది. సముద్రం దాటి, ఎడారి దాటి, వేల మైళ్లు వచ్చింది పరిశుద్ధుల మధ్య రాణిగా బతకడానికి. దేవుడు ఇచ్చిన పెళ్లి అన్నారు, ప్రపంచమంతా తప్పన్నా తలెత్తుకుని ఔనన్నది అందుకే. ఇప్పుడా పెళ్లిని కాపాడ్డానికి ఆ పెళ్లే లేదనాలట. అది కూడా పెళ్లికొడుకే అడుగుతున్నాడు. అడగడానికి ఆయన రాలేదు, సవతి చేత అడిగించాడు. న్యాయమైన మనిషి, ఒక్కొక్కరికీ ఒక్కో పని.

తలుపు తెరుచుకుంది. రెండున్నర. బయటికొచ్చింది గుమాస్తా, చెవి మీద కలం, చేతిలో కాగితాలు. వెనక ఇద్దరు పొగాకు నములుతున్న జ్యూరీ మనుషులు గాలి కోసం గుమ్మంలోకి వచ్చారు. గుమాస్తా వీనీని చూసి, జేబులోంచి పిప్పరమింటు బిళ్ల తీసి, వంగి, ఎంతో ముద్దుగా అడిగాడు.

"ఏం పాపా, నీ పేరేంటి?"

"తెలీదు."

"అయ్యో! మీ నాన్న పేరో?"

"తెలీదు."

"మీ నాన్న గడ్డం ఎలా ఉంటుంది? పొడుగా, పొట్టా?"

వీనీ బిళ్ల వంక చూసింది, ఆలోచించింది, నిజాయితీగా ఆలోచించింది, కనుబొమలు దగ్గరికి తెచ్చుకుని గుర్తు తెచ్చుకోబోయింది. ఏమీ దొరకలేదు. "తెలీదు," అంది, ఈసారి చాలా నెమ్మదిగా, పోగొట్టుకున్న వస్తువు గురించి చెప్పినట్టు.

గుమ్మంలో మనుషులు పగలబడి నవ్వారు. "ఊరంతా ఒకటే బడి!" అన్నాడొకడు. "ఆ బిళ్లేదో ఇచ్చెయ్యవయ్యా, చక్కగా అప్పజెప్పింది," అన్నాడింకొకడు. గుమాస్తా ఇచ్చాడు. వీనీ చేతిలో బిళ్ల పట్టుకుని తల్లి వంక చూసింది, బాగా చెప్పానా అన్నట్టు. శెభాష్ అనాలి. ఎప్పుడూ అంటుంది. ఇవాళ ఆ మాట జేరెడ్ గొంతుతో చెవిలో మోగింది, థర్జా పిల్ల జుట్టు సర్దింది.

"మిస్ ఓలర్టన్!"

థర్జా కదల్లేదు. కావాలని కాదు, నిజంగానే ఇంకెవరినో పిలుస్తున్నారనుకుంది. మిల్లు గేటు దగ్గర ఆ దగ్గే పిల్ల రావాలి కదా, వస్తుందేమోనని చూసింది.

"మిస్ ఓలర్టన్ ఎవరండీ? మీరు కాదా?"

"నేనే," అంది, లేచి. బల్ల అవతలి చివర హెప్సీ ఒక్కసారిగా కిందికి దిగింది.

లోపల పొగ, గడ్డాలు, నీళ్ల కూజా. ప్రమాణం చేయించారు. ప్రాసిక్యూటరు మెత్తటి గొంతు మనిషి, కూర్చోమన్నాడు, పిల్లకు ఎండ తగులుతుందేమోనని కర్టెన్ దించాడు. మంచి మర్యాదలు. ఎక్కడుంటారు, ఎన్నాళ్ల నుంచి, అన్నింటికీ చెప్పింది. తర్వాత ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు అడిగాడు.

"ఈ బిడ్డకు తండ్రెవరో మీకు తెలుసా, మిస్ ఓలర్టన్?"

గదిలో అందరికీ జవాబు తెలుసు. ఒకతను అప్పుడే నవ్వడానికి మీసం సర్దుకున్నాడు.

"తెలుసు," అంది థర్జా.

మీసం మీద చెయ్యి ఆగిపోయింది. ప్రాసిక్యూటరు కళ్లజోడు పెట్టుకున్నాడు.

"తెలుసా?"

"తెలుసు. ముగ్గురికీ తండ్రెవరో తెలుసు, పోయిన మొదటి పిల్లకు కూడా తెలుసు. తెలియకపోవడానికి నేనేమన్నా..." ఆ మాట మింగేసింది, అక్కడున్నది పెద్దమనుషులు. "తెలుసండీ."

"చాలా సంతోషం. ఆయన పేరు?"

"చెప్పను."

"చెప్పకపోతే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. అదీ తెలుసు."

ఇంకా మూడుసార్లు అడిగారు, మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి, పిల్ల మొహం చూసైనా చెప్పమని ఒకసారి. తెలుసు, చెప్పను. పక్క గదిలో జడ్జి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కూడా అడిగాడు, చట్టం గురించి కొంచెం చెప్పాడు కూడా. ఎనిమిదేళ్ల కిందట బండిలో జేరెడ్ చెప్పినంత బాగా చెప్పలేదు. నోరు విప్పేదాకా సాల్ట్ లేక్ జైలుకు అన్నాడు. ఆ మాట విన్నాక థర్జా తనకు భయం వేస్తుందేమోనని చూసుకుంది. వేసింది. కానీ పొద్దుట్నుంచీ దవడలో బిగుసుకున్నదేదో వదులైంది, అది కూడా నిజమే. జేరెడ్ మీద కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. దాన్ని కూడా సంచీలో పెట్టుకుని వెళ్తుంది. సబ్బు పక్కన చోటుంది.

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. "వెంట చంటిబిడ్డ, ఆడ. పేరు?"

అందరూ వినేలా చెప్పాల్సిన మాట. తండ్రి చెప్పాల్సిన మాట. మొదటి గురువారం కాదు, ఉపవాసం మాత్రం అవుతుంది, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు.

"ఎస్తేరు. మా అమ్మ పేరు."

"ఇంటిపేరు?" అన్నాడు గుమాస్తా చటుక్కున, తలెత్తకుండా, తెలివిగా.

"ఓలర్టన్," అంది థర్జా. "అక్షరాలు తెలియకపోతే సమన్ల కాగితం చూసి రాసుకోండి. మీరే రాశారు."

నడవాలో హెప్సీ నిలబడి ఉంది, వీనీ ఆవిడ గౌను కుచ్చెళ్లు పట్టుకుని. డిప్యూటీ అయిదు నిమిషాలిచ్చాడు, మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. థర్జా వీనీ కుడిచెయ్యి తీసుకుంది. పిప్పరమింటుతో జిగటగా ఉంది. ఆ చేతిని హెప్సీ చేతిలో పెట్టింది. హెప్సీ ఆ చేతుల వంక చూసింది, చూసి, గట్టిగా పట్టుకుంది.

"పెద్దమ్మ దగ్గర ఉండు. టామర్ని అడుగు, నాన్న గడ్డం ఎలా ఉండేదో చెబుతుంది. అక్కా, దీనికి ఇక ఆ పాఠం వద్దు."

"నేర్పను," అంది హెప్సీ.

గోడ గడియారం మూడు కొట్టింది. థర్జా ఉలిక్కిపడింది. జైలన్నప్పుడు నిలబడ్డ మనిషి ఇప్పుడు గుమ్మం వైపు రెండడుగులు వేసింది. "మూడైంది! నీళ్లు... అక్కా, నా వంతు, క్యాబేజీ అంతా..."

"నీళ్లకేం. డేన్ ముసలాయన నీ తూము ఎత్తుతాడు. నీ గంట, ఆ తర్వాత తన గంట. పొద్దున్నే చెప్పొచ్చాను. శీతాకాలం దాకా ఆయనే చూసుకుంటాడు."

"పొద్దున్నే చెప్పావా? నేనేమంటానో పొద్దున్నే నీకెలా తెలుసు?"

"నీ సంచీ ఎత్తి బండిలో పెట్టింది నేనే కదే. తెలీదని చెప్పి ఇంటికొచ్చే మనిషి సబ్బు కట్టుకుంటుందా?"

థర్జా ఆవిడ వంక చూసింది. గంటసేపు. ఆ వంకర బల్ల మీద గంటసేపు ఆమె తొమ్మిది మైళ్లు పరిగెత్తింది, ఎన్నిసార్లో లెక్కలేదు, గుర్రం కట్టింది, పలక ఎత్తింది, క్యాబేజీలతో సహా ఎండిపోయింది, పక్కన ఈవిడేమో మడమ అల్లుకుంటూ కూర్చుంది.

"ఆ ముక్క రెండింటికే చెప్పొచ్చుగా!" అంది, పళ్లు బిగించి.

"నువ్వడగలేదు," అంది హెప్సీ. ఆవిడ కళ్లు తుడుచుకోవడం డిప్యూటీ చూశాడుగాని, చూడనట్టు సంచీ అందుకున్నాడు. అందుకుని, బరువుకు ఒక పక్కకు ఒరిగి, "అబ్బో," అన్నాడు.